ఒళ్లో పట్టే పని
(ఉగాది ఉత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పండుగ సభలో పంచాంగం గురించో, కవిత్వం గురించో మాట్లాడడం మన ఆచారం. కార్యదర్శిగారు నన్ను పిలిచి "మీకు చేతనైన విషయం మీదనే మాట్లాడండమ్మా" అన్నారు. నాకు చేతనైనది ఊలు అల్లిక. అందుచేత స్వెట్టర్లు అల్లిన ఒక ఆవిడను గురించి మనవి చేస్తాను. స్వెట్టరు మీద ఉపన్యాసమేమిటి అని మగవారు లేచి పులిహోర వాసన వచ్చే వైపు నడవరని ఆశిస్తున్నాను. ఇందులో లెక్కలు వున్నాయి, వలస వున్నది, కూలి సంగతి కూడా వున్నది.

మనం వచ్చి చేరిన ఊరు నేతగాళ్ల ఊరు. ఆనేకల్ అనగానే పట్టు మగ్గాలు గుర్తుకు వస్తాయి. పడుగు, పేక అంటే ఏమిటో ఇక్కడ పిల్లలకు కూడా వివరించనక్కరలేదు. నేతకు రెండు వరుసల దారం కావాలి, మగ్గం కావాలి, మగ్గం పట్టే చోటు కావాలి. అల్లికకు అవేవీ అక్కరలేదు. ఒకే దారం తనలోంచి తాను దూరి, వలయం మీద వలయమై గుడ్డగా మారుతుంది. రెండు సూదుల అల్లికలో వరుసలోని కుట్లన్నీ సూది మీద ప్రాణంతో వుంటాయి. ఒక్కటి జారిందంటే దాని కింద వున్నవన్నీ వరసగా జారిపోతాయి. కొక్కెపు సూదితో చేసే క్రోషియా అల్లికలో ఒకే ఒక్క కుట్టు ప్రాణంతో వుంటుంది. తక్కినవన్నీ ఎప్పటికప్పుడు ముడివడిపోతాయి. మన గోదావరి జిల్లాలలో లేసు అని పిలిచేది ఈ రెండో రకాన్నే.

రెండింటికీ ఒక పోలిక వున్నది. రెండూ ఒళ్లో పట్టే పనులు. అందువల్ల ఈ పనికి రెండు గుణాలు అబ్బాయి. ఒకటి, మనిషి ఎక్కడికి వెళితే అక్కడికి వెంట వస్తుంది. రెండవది, దీన్ని ఎవరూ పనిగా లెక్కపెట్టరు. మగ్గం ముందు కూర్చున్నవాడిని చూసి "పనిలో వున్నాడు" అంటారు. ఊలు ఒళ్లో పెట్టుకొన్న ఆడమనిషిని చూసి "తీరికగా కూర్చున్నది" అంటారు. నా ప్రసంగమంతా ఈ రెండు గుణాల చుట్టూ తిరుగుతుంది.

మనలో చాలామంది కోస్తా నుండి వచ్చినవారు. అక్కడ దుప్పటి కప్పుకొంటే చలి తీరిపోయేది. ఇక్కడ మార్గశిరం, పుష్యం వచ్చేసరికి తెల్లవారుజామున పాలకు వెళ్లేవారికి స్వెట్టరు లేకపోతే జరగదు. అలా మన ఆడవాళ్లు కొందరు ఈ గడ్డ మీదకు వచ్చాకనే ఊలు పట్టారు. వలస మనిషి చేతికి కొత్త పని నేర్పుతుంది. వలస వచ్చినవాడు పాత పనిని కొత్తచోటికి మోసుకొని రావడమూ వుంటుంది. నేను చెప్పబోయే ఆవిడ జీవితంలో ఈ రెండూ జరిగాయి.

ఆవిడ పేరు ఎలిజబెత్ జిమ్మర్మన్. 1910లో ఇంగ్లండులో పుట్టింది. చిన్నప్పుడు తల్లి దగ్గర అల్లిక నేర్చుకొన్నది. ఇంగ్లీషు పద్ధతిలో ఊలు దారం కుడిచేతి వేలి మీద వుంటుంది. ప్రతి కుట్టుకూ చెయ్యి ఎత్తి దారాన్ని సూది చుట్టూ విసరాలి. తరువాత ఇంట్లో చదువు చెప్పే గవర్నెస్ ఒకామె ఐరోపా ఖండపు పద్ధతి చూపించింది. అందులో దారం ఎడమచేతి వేలి మీద కదలకుండా వుంటుంది. సూది మొనే వెళ్లి దాన్ని అందుకొంటుంది. చెయ్యి కదలిక తక్కువ, పని జోరు ఎక్కువ. చిన్నపిల్లకు అది ఆటగా తోచి వుంటుంది. ఆ ఎడమచేతి దారమే తరువాత ఒక ఖండం దాటి వెళ్లింది.

ఆమెకు చిత్రకళ మీద ఇష్టం. స్విట్జర్లండులోనూ, జర్మనీలోని మ్యూనిక్ నగరంలోనూ చిత్రకళ చదివింది. మ్యూనిక్‌లోనే ఆర్నల్డ్ జిమ్మర్మన్ అనే జర్మను యువకుడు పరిచయమయ్యాడు. బీరు తయారీ అతని విద్య. హిట్లరు పాలన నడుస్తున్న రోజులవి. 1937లో వారు పెళ్లి చేసుకొని అమెరికా చేరారు. ముగ్గురు బిడ్డలు కలిగారు. భర్త ఉద్యోగం ఎక్కడ దొరికితే అక్కడికి కాపురం మారుతూ, చివరకు విస్కాన్సిన్ రాష్ట్రంలో స్థిరపడ్డారు. అక్కడ ఒక పాత బడి ఇల్లు కొనుక్కొని అందులో వున్నారు. ఇది వింటుంటే మనలో చాలామందికి మన కథే వింటున్నట్లు వుంటుంది. భర్త ఉద్యోగం వెంట కొత్త ఊరు, కొత్త భాష, వంటగది కిటికీలోంచి కనిపించే కొత్త చెట్టు.

రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. ఎడమచేతి పద్ధతికి జర్మను పద్ధతి అని పేరు వుండడంతో ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ దానికి గౌరవం పోయింది. దారం ఏ వేలి మీద వుందో చూసి మనిషి ఏ పక్షమో తేల్చే కాలం అది. ఎలిజబెత్ మాత్రం తన చేతికి వచ్చిన పద్ధతిని వదలలేదు. యుద్ధం ముగిశాక, కొన్నేళ్ల తరువాత, అమెరికా ఆడవాళ్లకు ఆ పద్ధతిని తిరిగి నేర్పిన ఖ్యాతి ఆమెకే దక్కింది.

ఇక ఆమెకు ప్రేరణ ఎక్కడినుండి వచ్చిందో చెప్పాలి. నమూనాలు కట్టేవారికి ఊహ ఆకాశం నుండి వూడిపడుతుందని మనమనుకొంటాం. ఆమె సంగతి వేరు. బెస్తవాళ్లు, గొర్రెల కాపరులు తరతరాలుగా తొడుక్కొన్న బట్టలే ఆమెకు పాఠ్యపుస్తకాలు. స్కాట్లండుకు ఉత్తరాన వున్న షెట్లండు దీవుల శాలువలు, ఫెయిర్ దీవి రంగుల పట్టీలు, ఐర్లండు పడమటి తీరాన ఆరన్ దీవుల జడల అల్లిక, నార్వే దేశపు మంచుపూల స్వెట్టర్లు, వీటిని తిరగేసి బోర్లించి, కుట్టు కుట్టూ లెక్కపెట్టి చదివింది. "నేను కనిపెట్టాను" అనడం ఆమెకు ఇష్టముండేది కాదు. ఎప్పుడో ఎక్కడో ఒక అవ్వ ఇది చేసే వుంటుంది, నేను మళ్లీ తవ్వి తీశాను, అన్నదే ఆమె భావం. అందుకోసం ఇంగ్లీషులో ఒక కొత్త మాట కూడా పుట్టించుకొన్నది.

బెస్తవాళ్ల స్వెట్టర్లలో ఆమె గమనించిన ముఖ్యమైన విషయం ఒకటున్నది. వాటికి పక్క కుట్లు లేవు. గొట్టంలాగా గుండ్రంగా తిరిగి తిరిగి అల్లినవి అవి. పుస్తకాలలో అచ్చయ్యే నమూనాలలో మాత్రం ముందు ముక్క వేరు, వెనుక ముక్క వేరు, చేతులు వేరు. చివరన అన్నింటినీ దర్జీ పనిలా కలిపి కుట్టాలి. చాలామంది స్వెట్టర్లు ఆ కుట్టుపని దగ్గరే ఆగి సంచీలో వుండిపోతాయి. ఆమె గుండ్రపు సూది పట్టుకొని, నడుము నుండి పైకి అల్లుకుంటూ, చేతులు వేరేగా అల్లి చంకల దగ్గర కలుపుకొని, మెడ దాకా ఒకే గొట్టంగా వెళ్లే దారి చూపింది.

దానికి ఆమె చెప్పిన లెక్క మన సంతలో కూరగాయల లెక్కంత తేలిక. ముందుగా అరచేయంత ముక్క అల్లి, అంగుళానికి ఎన్ని కుట్లు వచ్చాయో చూడాలి. అయిదు వచ్చాయనుకోండి. ఛాతీ దగ్గర స్వెట్టరు 40 అంగుళాలు వుండాలనుకోండి. 40ని 5తో గుణిస్తే 200. ఈ 200 మూలసంఖ్య. మణికట్టు దగ్గర అందులో 20 వంతులు, అంటే నూటికి 20 చొప్పున 40 కుట్లు. చెయ్యి పైభాగానికి నూటికి 33 చొప్పున 66. మెడకు నూటికి 40 చొప్పున 80. ఊలు లావైనా సన్నమైనా, మనిషి బొద్దుగా వున్నా బక్కగా వున్నా, ఈ పాళ్లు పెద్దగా మారవు. పుస్తకంలో చెప్పిన ఊలు దొరకలేదని, చెప్పిన సూది లేదని ఏడవనక్కరలేదు. మన చెయ్యి, మన దారం, మన మనిషి, వీటితోనే లెక్క మొదలవుతుంది.

ముగ్గు వేసేవారికి నచ్చే లెక్క మరొకటి వున్నది. గుండ్రని శాలువ అల్లాలి. మధ్యనుండి దూరం రెట్టింపైతే చుట్టుకొలత కూడా రెట్టింపవుతుంది. ఇది మన పిల్లలు ఉన్నత పాఠశాలలో వల్లించే పాఠమే. ఆమె దాన్ని సూది మీదికి ఎక్కించింది. తొమ్మిది కుట్లతో మొదలు. ఒక వరుస అల్లాక రెట్టింపు, 18. మూడు వరుసల తరువాత 36. ఆరు వరుసల తరువాత 72. పన్నెండుకు 144, ఇరవై నాలుగుకు 288, నలభై ఎనిమిదికి 576. మధ్యలో ఇక పెంచడం తగ్గించడం అంటూ ఏమీ లేదు. ఆ ఖాళీ వరుసలలో ఇష్టమైన పువ్వు నింపుకోవచ్చు. చుక్కలు పెట్టి ఇచ్చి, ముగ్గు మనల్ని వేసుకోమన్నట్లే వుంటుంది. 1968లో ఆమె తయారుచేసిన పసిపిల్లల చొక్కా కూడా ఇటువంటిదే. 160 కుట్లతో మొదలై, చూడడానికి వంకరటింకర గుడ్డగా తయారవుతుంది. సరిగ్గా మడిస్తే చొక్కా! భుజాల దగ్గర మాత్రం రెండు కుట్లు వేస్తే చాలు.

ఇప్పుడు ఆమె జీవితంలోని మలుపుకు వస్తాను. 1950లలో ఆమె ఒక పత్రికకు స్వెట్టరు నమూనా పంపింది. గుండ్రంగా అల్లమని రాసి పంపితే, సంపాదకులు దాన్ని మార్చి, తమ అలవాటు ప్రకారం ముక్కలు ముక్కలుగా అల్లమని అచ్చువేశారు. అల్లిక ఆమెది, మాట వారిది అయింది. మరొకరైతే డబ్బు వచ్చింది చాలునని వూరుకొనేవారు. ఆమె 1958లో సొంతంగా ఒక చిన్న కరపత్రిక మొదలుపెట్టింది. తన నమూనాను తన మాటలలో, తన పేరుతో రాసి, కావలసినవారికి తపాలాలో పంపింది. 1959లో ఆ బడి ఇంటి పేరుమీదనే స్కూల్‌హౌస్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ ఏర్పడింది. తరువాత టెలివిజనులో పాఠాలు చెప్పింది. 1971లో ఆమె మొదటి పుస్తకం వచ్చింది. కన్నీళ్లు లేకుండా అల్లిక అని దాని పేరుకు అర్థం. 1974లో అల్లిక శిబిరాలు మొదలయ్యాయి. 1999లో ఎనభై తొమ్మిదేళ్ల వయసులో ఆమె కన్నుమూసింది. కూతురు మెగ్ స్వాన్సెన్ తల్లి పనిని కొనసాగించింది.

వంటింటి పక్కన కూర్చొని స్వెట్టర్లు అల్లిన గృహిణి పేరు మనకు ఈనాడు ఆనేకల్‌లో తెలియడానికి కారణం ఏమిటి? ఆమె చేతి నేర్పు ఒక్కటే కాదు. అంత నేర్పు గల చేతులు లోకంలో చాలా వున్నాయి. తన లెక్కను తాను రాసిపెట్టింది, దాని కింద తన పేరు పెట్టింది. పేరు నిలిచింది.

అటువంటి చేతులు మన తెలుగునాట ఎక్కడున్నాయని అడుగుతారేమో. నరసాపురంలో వున్నాయి. 1844లో స్కాట్లండు నుండి వచ్చిన మెక్రే అనే మతప్రచారక దంపతులు అక్కడి స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. ఆ పని గోదావరి డెల్టా గ్రామాలలో పాకిపోయింది. 1899 నాటి కరువునూ, 1929 తరువాతి ఆర్థిక మాంద్యాన్నీ తట్టుకొన్నది. బల్ల గుడ్డలు, దిండు గలీబులు, మంచం దుప్పట్లు సముద్రాలు దాటి ఇంగ్లండుకూ, ఫ్రాన్సుకూ, అమెరికాకూ వెళ్లాయి.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి చూడండి. ఆ 1840లలోనే, ఆ స్కాట్లండులోనే, ఎడింబరోలో జేన్ గాగన్ అనే ఆవిడ అల్లికల నమూనాలను 1840లో పుస్తకంగా అచ్చు వేయించింది. ఊలు అల్లికా, క్రోషియా రెండూ ఆ పుస్తకంలో వున్నాయి. ఆమె పేరు ఈనాటికీ చరిత్రలో వున్నది. ఆ దేశం నుండి మన గోదావరి ఒడ్డుకు సూది వచ్చింది, దారం వచ్చింది. పుస్తకం మీద పేరు వేసుకొనే అలవాటు మాత్రం ఓడ దిగలేదు. నూట ఎనభై ఏళ్లుగా మన ఆడవాళ్లు కట్టిన పువ్వులు ఎన్నో! ఫలానా పువ్వు ఫలానా అమ్మ కట్టిందని చెప్పగలవారు ఎవరున్నారు?

దీనికి కారణం కూలి పద్ధతిలోనే వుంది. మరియా మీస్ అనే జర్మను సామాజిక శాస్త్రవేత్త 1970ల చివరిలో నరసాపురం ప్రాంతంలో తిరిగి, ఈ స్త్రీల జీవితాన్ని పరిశీలించి, 1982లో పుస్తకం ప్రకటించింది. ఎగుమతిదారు దారం ఇస్తాడు. ఏజెంటు ఇంటింటికీ పంచుతాడు. ఒకామె చేతిపని, అంటే పువ్వులు, చేస్తుంది. మరొకామె అతుకుపని, అంటే ఆ పువ్వులను కలపడం, చేస్తుంది. పువ్వు చేసిన చెయ్యి బల్ల గుడ్డను చూడదు. బల్ల గుడ్డ కొన్న దొరసాని పువ్వు చేసిన చేతిని చూడదు. ఇంటి చాకిరీ అంతా అయ్యాక రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు అల్లినా, ఆనాడు చేతికి వచ్చే కూలి రూపాయి దాటేది కాదు. ఇటువంటివారు లక్షకు పైగా వుండేవారని అప్పటి అంచనా. ఇంత జరుగుతున్నా, పని ఇంటి అరుగు మీద జరుగుతున్నందువల్ల వారిని కార్మికులని ఎవరూ అనలేదు. ఇంట్లో కూర్చున్న ఇల్లాళ్లు తీరికవేళలో చేసుకొనే పని అన్నారు. ఎనిమిది గంటల తీరిక ఏ ఇల్లాలికి వుంటుందో ఆ మాట అన్నవారే చెప్పాలి!

2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించవలసిన విషయమే. ఊరి పేరు చట్టంలోకి ఎక్కింది. ఇక మనుషుల పేర్లు ఎక్కాలి.

మరొక సంగతి మీకు తెలిసి వుండాలి. ఊలు అల్లికకు యంత్రం ఎప్పుడో వచ్చింది. 1589లోనే విలియం లీ అనే ఇంగ్లీషువాడు మేజోళ్లు అల్లే యంత్రం తయారుచేశాడు. క్రోషియాను అచ్చంగా అదే విధాన చేసే యంత్రం మాత్రం ఇంతవరకు వాడుకలోకి రాలేదు. బజారులో దొరికే మిషను లేసు పైకి అలా కనిపిస్తుంది కాని, అందులో కుట్టు వేరు. అంచేత నిజమైన క్రోషియా ముక్క ఎక్కడ చూసినా, ఎంత చవకగా అమ్మినా, దాని వెనుక ఒక మనిషి చెయ్యి వుండి తీరుతుంది. బేరమాడేముందు ఈ మాట గుర్తుంచుకొంటే చాలు.

ఇంతకూ మన సంఘం చేయవలసింది ఏమిటి? మూడు మనవులు చేసి ముగిస్తాను.

మొదటిది, మన ఇళ్లలో అల్లికలు తెలిసిన పెద్దవాళ్లు వున్నారు. ఊలు కావచ్చు, లేసు కావచ్చు, తోరణం కావచ్చు. వారానికి ఒక సాయంత్రం సంఘం గదిలో కూర్చొని, వారు చేస్తుంటే పిల్లలు చూచి రాసుకోవాలి. ఎన్ని కుట్లతో మొదలు, ఎన్ని వరుసలకు పెంపు, ఎక్కడ తిరగవేయాలి, అంతా తెలుగులో రాయాలి. ప్రతి నమూనా కింద అది చెప్పినవారి పేరు, వారి ఊరు, సంవత్సరం వేయాలి. వచ్చే ఉగాదికి ఆ పుస్తకాన్ని మన సంచిక పక్కన పెట్టగలిగితే నాకింత ఉపన్యాసం చెప్పే పని వుండదు.

రెండవది, అల్లినది అమ్మేవారు గంటలు రాసుకోవాలి. దారం ఖరీదు అందరూ రాసుకొంటారు. పదహారు గంటల పనికి ఏం ధర కట్టారని అడిగితే నవ్వేస్తారు. ఆ నవ్వులోనే మన నష్టమంతా వున్నది. కొనేవారికి ఒక మాట. "ఇంట్లో ఖాళీగా కూర్చొని చేసిందే కదా, తగ్గించండి" అనకండి. మీ ఆఫీసులో మీరు కుర్చీలో కూర్చొనే జీతం తీసుకొంటున్నారు.

మూడవది ఈ ఊరికి సంబంధించినది. ఆనేకల్ మగ్గం మీద నేసిన చీర కొన్నప్పుడు ఆ అంచు ఎవరు వేశారు, ఆ బుటా ఎవరు కట్టారు అని అడగండి. నేసినవారిది కన్నడం కావచ్చు, తెలుగు కావచ్చు, వేరే ఏదైనా కావచ్చు. ఇక్కడి కన్నడ సోదరులకూ ఇదే యుగాది, వారి బేవు బెల్లంలోనూ మన పచ్చడిలోనూ వేపపువ్వు ఒకటే. మనకు చోటిచ్చిన ఊరిలోని నేర్పరుల పేర్లు మనకు తెలియకపోతే, మన పేర్లు వారికి తెలియాలని కోరడం న్యాయం కాదు.

ఎలిజబెత్ జిమ్మర్మన్ మూడు దేశాలు దాటి వెళ్లినప్పుడు తన వెంట తీసుకువెళ్లింది ఎడమచేతి వేలి మీద దారం ఒక్కటే. మనమూ ఏదో ఒక నేర్పును మూటలో కట్టుకొనే రైలు ఎక్కి వచ్చాము. దాన్ని విప్పి, రాసి, కింద పేరు వేసి పిల్లల చేతికి ఇస్తే, వచ్చే తరానికి మన ఊరి పేరుతో పాటు మన అమ్మల పేర్లు కూడా తెలుస్తాయి.